సగం గీసిన బస్సు బోర్డు

మా కోడలు మగ్గం మీద బస్సు బోర్డు నేస్తోంది. ఆ సంగతి ఆమెకు తెలియదు.

మొన్న పొద్దున దేవుడి దగ్గర దీపం పెట్టి, చేతులు తుడుచుకుంటూ మగ్గం గదిలోకి వెళ్లాను. అప్పటికే జానెడు నేత అయిపోయింది. ఎర్రటి నేత మీద నల్ల నూలుతో గుండ్రాలు, వంకలు, ఒక గుండ్రం కొసన కొడవలి లాంటి మెలిక. నడిమధ్యకు వచ్చేసరికి అవే వంకలు అద్దంలో చూసుకున్నట్టు వెనక్కి తిరిగి అవతలి అంచు దాకా పోయాయి. ఎప్పుడో చూసిన మనిషి ముఖంలా ఉంది, ఎవరో గుర్తు రావడం లేదు.

"ఇదేం డిజైన్ బిడ్డా? ఏడికెళ్లి తెచ్చినవ్?"

"నీదే అత్తమ్మా. సందుగ సదురుతాంటే నీ పాత గళ్ల పుస్తకం దొరికింది. ఎనుక పేజీలల్ల ఉన్నది. పాతకాలం పూలతీగ గావచ్చని పెట్టిన. అడగకుండ పెట్టిన్నని కోపమా?"

కోపం ఎక్కడిది? నవ్వాపుకోలేక మగ్గం గుంజ పట్టుకున్నాను.

"అది పూలతీగ గాదే. బస్సు బోర్డు. ఎర్నాకులంల బస్సుది. అది గూడ సగమే."

కోడలి చెయ్యి పేక మీదే ఆగిపోయింది. "బస్సు బోర్డా! మరి ఇప్పెయ్యాల్నా?"

"ఇప్పకు. జర ఆగు. ముందుగాల ఆ పుస్తకం నన్ను చూడనీ."

మాది వరంగల్ కొత్తవాడ. జంపఖానాలు నేసే ఇల్లు. మా మామగారు తవ్విన గుంటలోనే మా ఆయన మగ్గం, ఇప్పుడు మా కోడలి మగ్గం. ఆ గళ్ల పుస్తకం నేను పువ్వులు గీసుకునే డిజైన్ల పుస్తకం. ముందు పేజీల నిండా పువ్వులు, నెమళ్లు, అంచులు. వెనక పేజీల్లో, ఒకే ఒక్కసారి, పన్నెండు రోజుల ప్రయాణం రాసుకున్నాను. రాసిన తర్వాత మళ్లీ తీసి చదివింది లేదు. కళ్లజోడు పెట్టుకుని ఇన్నేళ్లకు గడప మీద కూర్చుని తెరిచాను.

చదివే ముందు ఒక మాట చెప్పాలి. నేను బడికి పోలేదు. మా అమ్మగారిల్లు వర్ధన్నపేట పక్కన ఒక ఊరు. అమ్మ ఆరోగ్యం మంచిది కాదు, కండెలు చుట్టడానికి ఇంట్లో నేనే దిక్కు. అందుకని బాపే, మా నాన్నే, చదువు చెప్పాడు. పలక మీద కాదు, గళ్ల కాగితం మీద. "అక్షరం గూడ పువ్వసొంటిదే బిడ్డా, గళ్లు లెక్కవెడితే అదే వస్తది" అనేవాడు. నేను మొదట నేర్చిన మాట 'రామ'. ఎన్ని గళ్ల వెడల్పు, ఎన్ని గళ్ల ఎత్తు అన్నది ఇప్పటికీ వేళ్ల మీద ఉంది. బడిలో నేర్పరేమో గాని, నాకు అక్షరం గీతగా రాలేదు, నేతగా వచ్చింది. నాకు అక్షరాలు నేర్పడానికి ఒక ఎండాకాలం రెండు నెలలు బాపు మధ్యాహ్నం నిద్ర మానుకున్నాడు. ఆ రుణం నేను తీర్చుకోలేదు. రోజూ దండం మాత్రం పెడతాను.

జంపఖానా పువ్వును మేము ఎప్పుడూ సగమే గీస్తాం. ఎడమ సగం గీసి, పక్కన నిలువు గీత గీసి, గీత మీద చిన్న సున్నా చుడితే చాలు. 'ఇక్కడి నుంచి తిప్పి నెయ్యి' అని అర్థం. కుడి సగం చేతికి తెలుసు. దానికోసం కాగితం ఖర్చు చేసే పిచ్చివాళ్లెవరూ లేరు. ఈ అలవాటే నన్ను ఒక శుక్రవారం నాడు తప్పు బస్సు ఎక్కించింది.

అప్పుడు మా అబ్బాయి ఆరో తరగతి. ఆ ఏడు జంపఖానాలు అడిగేవాళ్లే లేరు. ప్లాస్టిక్ చాపలు వచ్చాయి, మిషన్ మీద నేసినవి వచ్చాయి. మా ఆయన నేసిన సరుకు దొంతర్లు దొంతర్లుగా గోడకు చేరింది. ఒక రోజు మగ్గం తాళ్లు బిగిస్తూ, నా వైపు చూడకుండా అన్నాడు.

"ఎర్నాకులంల చేనేత మేళా ఉన్నదట, పన్నెండు దినాలు. ఇదొక్కటి చూద్దాం. సరుకు మళ్లొచ్చిందా, మగ్గం తీసేస్త. భివండిల అన్న రమ్మంటాండు, పవర్‌లూమ్ మీద పని. ఈ గుంట పూడ్చుకుంటే పిల్లగానికి చదువుకోను జాగన్న అయితది."

కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా, పొద్దున కూరగాయలు ఏం తేవాలని అడిగినట్టు అన్నాడు. తన తండ్రి కాళ్లు వేలాడిన గుంట అది. ఆ రాత్రంతా ఆయన అటు తిరిగి పడుకున్నాడు, నేను ఇటు తిరిగి పడుకున్నాను.

మేళాకు ఆయనే పోవాలి. కానీ పోవడానికి నాలుగు రోజుల ముందు మా అత్తమ్మ స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆమెను లేపి కూర్చోబెట్టడం మగవాడి బలం ఉంటే తప్ప కాదు. ఆయన దవాఖానలో ఆగిపోయాడు. నేను పోతానన్నాను. తోడుకు మా వదినె, అంటే ఆయన అక్క, బయలుదేరింది. ఆమె భర్త పోయి ఏళ్లయింది. భయమన్నది ఆ భర్తతోపాటే పోయిందనేది వాడకట్టులో మాట.

నేతన్నల్లో ఒక పెద్దాయన వాకిట్లోకి వచ్చి మరీ అన్నాడు: "ఆడోళ్లు ఇద్దరు గంత దూరం పోయి ఏం అమ్ముతరమ్మా? భాష రాదు, తొవ్వ తెల్వదు."

"నీకన్న రెండు ఎక్కువనే అమ్ముతం మామా" అంది వదినె. "పోయినసారి గిరాకి వచ్చినప్పుడు నువ్వు మూట మీద నిద్రపోయినవట గద."

పుస్తకంలో మొదటి రోజు ఇలా ఉంది:

"రైలు దిగాము. బస ఇచ్చింది నీళ్లకు అవతల, ఫోర్ట్ కొచ్చిలో. మేళా నీళ్లకు ఇవతల. రోజూ పడవ, పడవ దిగాక బస్సు. పడవకు ఆడవాళ్ల వరుస వేరే. ఎక్కే ముందు దండం పెట్టుకున్నాను. నీళ్ల రంగు: మన ఆకుపచ్చ నూలును బూడిదలో పడేసి దులిపినట్టు. ఇరవై నిమిషాలు. మునగలేదు. అమ్మవారి దయ."

రెండో రోజు: "మునగలేదు." మూడో రోజు: "గాలి ఎక్కువ. మునగలేదు." ఏ రోజు పేజీ తీసినా చివరన అదే మాట. చదువుతుంటే ఒళ్లో పుస్తకం ఊగేంత నవ్వొచ్చింది. అంతకుముందు నేను చూసిన పెద్ద నీళ్లంటే మా వరంగల్ చెరువులే. వాటి అవతలి గట్టు కనిపిస్తుంది, ఎవరి బర్రెలు మేస్తున్నాయో కూడా చెప్పవచ్చు. అక్కడ ఒక వైపు గట్టు, ఇంకో వైపు ఇల్లంత ఎత్తు ఓడలు, ఆ సందులోంచి ఆకాశం దాకా నీళ్లు.

వదినె మాత్రం మొదటి రోజే పడవ కిటికీ పక్కన కాళ్లు చాపి కూర్చుంది. "పనికి నీళ్ల మీదికెళ్లి పోవుడేందే పిల్లా? మనం సాలోళ్లమా, చేపలమా?"

"మెల్లగ మాట్లాడు వదినె, అందరు చూస్తాండ్రు."

"చూస్తే చూడనీ. వాళ్లకు మన భాష రాదు, మనకు వాళ్లది రాదు. గింత స్వేచ్ఛ వరంగల్‌ల ఉన్నదా?"

బస్సు దగ్గర చిక్కు. బోర్డులన్నీ మలయాళంలో. మొదటి రోజు మేళావాళ్ల మనిషి ఒకాయన మమ్మల్నీ, మా బసలోని మిగతా నేతవాళ్లనూ ఎక్కించాడు. ఎందుకైనా మంచిదని, బస్సు ఆగి ఉన్నంతసేపూ దాని బోర్డును గళ్ల పుస్తకంలోకి ఎక్కించుకున్నాను. చదవడం రాకపోతేనేం, గళ్లు లెక్కపెట్టడం వచ్చు. గుండ్రానికి ఐదు గళ్లు, వంకకు మూడు, మెలికకు రెండు. ఎంత చక్కగా కుదిరిందో! సగం అయ్యేసరికి చెయ్యి తనంతట తనే నిలువు గీత గీసి, సున్నా చుట్టింది. పువ్వు పూర్తయిందనుకుని పుస్తకం మూశాను. ఆ పని నేను చేసినట్టు కూడా నాకు తెలియదు. ఆ తర్వాత రోజూ అందరం కలిసే పోయాం, కలిసే వచ్చాం. పుస్తకం తెరిచే అవసరం పడలేదు.

మేళాలో మా సరుకు కదల్లేదు. చీరల దుకాణాల ముందు జనం, మా ముందు ఈగలు. వచ్చినవాళ్లు జంపఖానా నిమిరి, బాగుందని తల ఊపి, పోయేవాళ్లు. ఎనిమిదో రోజు వరకు పోయినవి మూడే మూడు. సాయంత్రం దొంతర సర్దుతున్నప్పుడల్లా నా కళ్లకు మగ్గం గుంటలో మట్టి పోస్తున్నట్టే కనిపించేది. రోజూ ఫోన్‌లో మా ఆయన "ఎన్ని పోయినయ్?" అని అడిగేవాడు. చెప్పేదాన్ని. "సరే" అనేవాడు. ఆ 'సరే' వినలేక ఫోన్ వదినెకే ఇచ్చేశాను, నువ్వే మాట్లాడు అని.

తొమ్మిదో రోజు, గురువారం, తెల్లచీర కట్టుకున్న ఒక సిస్టరమ్మ వచ్చింది. ఆడపిల్లల హాస్టల్ చూసుకుంటుందట. ప్రార్థన హాలులో పిల్లలు కూర్చోవడానికి ముప్ఫై జంపఖానాలు కావాలంది, హిందీలో. వరంగల్ వాళ్లం, వచ్చీరాని హిందీకి కొదవ లేదు. ఎర్రదాన్ని రెండు వైపులా తిప్పి చూసింది. నచ్చింది. కానీ ఇంతకుముందు ఎవరి దగ్గరో కొంటే, మొదటి వానకే రంగు దిగి పిల్లల తెల్ల బట్టలన్నీ పాడయ్యాయట.

"ఒకటి ఉతకండి. తడి ఆరకముందే నాకు చూపించండి. రంగు దిగకపోతే ముప్ఫై మీ దగ్గరే తీసుకుంటాను" అంది. "రేపు పదిన్నరకు వస్తాను. పన్నెండు గంటల బండికి ఊరు పోతున్నాను, నెల దాకా రాను."

మేళా ఆదివారంతో అయిపోతుంది. ఆ రాత్రి నేను దేవుణ్ణి ముప్ఫై అడగలేదు. రేపు పదిన్నరకు నన్ను అక్కడ ఉంచు చాలు, అన్నాను.

రంగు మీద నాకు బెంగ లేదు. నూలుకు రంగు వేసేది అప్పటికి నేనే, మా అత్తమ్మ దగ్గర నేర్చుకున్నాను. ఉడికిన నూలును కడిగి కడిగి, చివరి నీళ్లు గ్లాసులో పోస్తే దేవుడి ముందు పెట్టేంత తేటగా ఉండాలి. లేదంటే మళ్లీ కడగాలి. కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఆ గ్లాసును చూసి ఎన్నిసార్లు ఏడ్చానో. ఏడోసారి కడిగాక కూడా గ్లాసును వెలుతురుకు పట్టి, "ఇంకొక్కసారి బిడ్డా" అనేది.

బసలో నల్లా నీళ్లు పొద్దున ఏడింటికి గాని రావు. దుకాణం తొమ్మిదిన్నరకే తెరవాలి, తెరవకపోతే మేళావాళ్లు ఊరుకోరు. వదినెను అందరితోపాటు మొదటి పడవకు పొమ్మన్నాను. నేను ఉతికి, పిండి, తర్వాతి పడవకు వస్తానన్నాను. మా ఇద్దరికీ ఉన్నది ఒకటే ఫోన్, అది వదినె కొంగులో ఉంది.

వదినె గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగింది. ఆ రోజు శుక్రవారం. శుక్రవారాలు నేను ఒంటిపూట ఉంటాను, రంగు వేయని నూలుచీర కట్టుకుంటాను. పెళ్లికి ముందు నుంచీ అంతే.

"గా తెల్లచీర మీద తడి ఎర్ర జంపఖాన ఏసుకొని వస్తవా? రంగు దిగిందనుకో, హోలీ ఆడొచ్చిందనుకుంటరు నిన్ను."

"రంగు దిగది వదినె."

"దిగితే?"

"దిగది."

వదినె కొంగు బిగించి పడవకు పోయింది.

తడిసిన జంపఖానా ఎంత బరువుంటుందో నేసేవాళ్లకే తెలుసు. గోనె సంచిలో చుట్టి భుజాన వేసుకున్నాను. పడవలో అందరూ మూటలు కిందే పెట్టారు. నాకు మనసొప్పలేదు. మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. కొత్త జంపఖానాను మొదట దేవుడి ముందు పరుస్తాం, ఆ తర్వాత మనిషి కూర్చోవాలి. ఎవరూ కూర్చోని జంపఖానాను కాళ్ల దగ్గర పడేయం. అందుకని ఒళ్లోనే పెట్టుకున్నాను. గోనెలోంచి తడి ఇంకి, చీర తొడల మీద చల్లగా అంటుకుంది. చూడలేదు. కళ్లు మూసుకుని, ఒడ్డు వచ్చేదాకా అమ్మవారి పేరు అనుకుంటూ కూర్చున్నాను.

పడవ దిగి బస్సుల దగ్గరికి వచ్చాను. ఒక్కదాన్ని రావడం అదే మొదలు. పుస్తకం తీశాను. మొదటి బస్సు, కాదు. రెండోది, కాదు. మూడోదాని బోర్డు మీద నా గుండ్రాలు, నా వంకలు, నా మెలిక. గళ్లు లెక్కపెట్టుకున్నాను, ఒక్కటి కూడా తేడా లేదు. బాపు గుర్తొచ్చాడు. చూసినవా బాపూ, చదవరాని భాషను కూడా చదివేశాను, అనుకుంటూ ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. అంత గొప్పగా ఎన్నడూ బస్సు ఎక్కలేదు నేను.

పది నిమిషాల్లో రావలసిన మేళా రాలేదు. బస్సు పెద్ద వంతెన ఎక్కింది. అటు నీళ్లు, ఇటు నీళ్లు. వంతెన దిగితే కొబ్బరిచెట్లు, మళ్లీ ఇంకో వంతెన. కండక్టరును పిలిచి పుస్తకం చూపించాను. ఆయన దాన్ని నిలువుగా చూశాడు, అడ్డంగా చూశాడు, పక్కనున్న ముసలాయనకు ఇచ్చాడు. ఆ ముసలాయన "కోలం" అన్నాడు. ముగ్గు అనుకున్నారని అర్థమైంది. బస్సులో అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. "అమ్మా, నా తప్పుకు నన్ను కొట్టు, మగ్గాన్ని కొట్టకు" అనుకున్నాను. ఒళ్లో జంపఖానాను బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాను.

వెనక సీట్లోంచి ఒక అమ్మాయి లేచి వచ్చింది. నర్సు, పనికి పోతోంది. హిందీ వచ్చు. "ఏమైంది చేచీ?" అని, అక్కను పిలిచినట్టు అడిగి, పుస్తకం తీసుకుని చూసింది. చూస్తూ చూస్తూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇది పడవల రేవు పేరు చేచీ. అక్కడి నుంచి బయలుదేరే బస్సులన్నిటి మీదా ఈ సగం ఉంటుంది. ఎక్కడికి పోతుందో రెండో సగంలో ఉంటుంది. అది ఎందుకు రాసుకోలేదు?"

మా పువ్వు రెండు వైపులా ఒకేలా ఉంటుందమ్మా, అన్నాను తెలుగులోనే. ఆమెకేం అర్థమైందో గాని, నా చెయ్యి పట్టుకుని తర్వాతి స్టాపులో దించింది, తనూ దిగింది. రోడ్డు దాటించింది. ఎదురు బస్సు వచ్చేదాకా నిలబడి, నన్ను ఎక్కించి, కండక్టరుకు రెండుసార్లు చెప్పింది. తన బస్సు పోయింది, పనికి ఆలస్యమైంది. పేరు అడగాలని నాకు బస్సు కదిలాక తోచింది. ఆనాటి నుంచి శుక్రవారం నాడు పెట్టే దీపాల్లో ఒకటి ఆ అమ్మాయిది. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

మేళా గేటు దగ్గర గడియారం పదకొండూ పావు చూపిస్తోంది. పరుగెత్తాను అనాలి గాని, ఆ బరువుతో అది పరుగు కాదు. మా దుకాణం ముందు జంపఖానా పరిచి ఉంది. దాని మీద సిస్టరమ్మ కూర్చుని టీ తాగుతోంది. ఎదురుగా వదినె, చేతులు తిప్పుతూ, వరంగల్ తెలుగులో ఏదో పురాణం నడిపిస్తోంది.

"వచ్చిందమ్మా మహారాణి! ఎటు వోయినవే? సముద్రంల కలిసినవనుకున్న. ఈమె లేస్తాంటే కూసోవెడుతాన, లేస్తాంటే కూసోవెడుతాన. మూడో టీ ఇది. ఏం మాట్లాడిన్నో నాకే తెల్వదు."

"బస్సు తప్పెక్కిన వదినె" అని చెప్పి, సిస్టరమ్మకూ హిందీలో అదే చెప్పాను. అబద్ధం ఆడబుద్ధి కాలేదు. ఆమె గడియారం చూసుకుంటూ లేచింది. గోనె విప్పబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. జంపఖానాను చూడటం లేదు. నా చీరను చూస్తోంది.

అప్పుడు నేనూ చూసుకున్నాను. నడుము నుంచి మోకాళ్ల దాకా చీర తడిసి ముద్దయింది. రంగు వేయని నూలు, తడిస్తే పాలమీగడలా ఉంటుంది. అలాగే ఉంది. ఎక్కడా ఎర్ర నలుసు లేదు.

"ఎంతసేపటి నుంచి ఒళ్లో పెట్టుకున్నారు?" అని అడిగింది.

"ఎనిమిదిన్నర నుంచి."

ఆమె వంగి, నా చీర చెరగును రెండు వేళ్లతో పట్టుకుని వెలుతురుకు చూసింది. మా అత్తమ్మ గ్లాసును చూసినట్టే. తర్వాత తన తెల్ల రుమాలు తీసి, తడి జంపఖానాకేసి గట్టిగా రుద్దింది. రుమాలును నాకే చూపించింది. తడి తప్ప ఏమీ లేదు.

వదినె ఊరుకుంటుందా? "మీరు చిన్న పరీక్ష వెట్టిండ్రు సిస్టరమ్మా. మా మరదలు చూడుండ్రి, మూడు గంటలు ఒళ్లెవెట్టుకొని ఊరంత తిరిగి, పెద్ద పరీక్ష తనే వెట్టుకొని వచ్చింది."

ఆ మాట సిస్టరమ్మకు అర్థం కాలేదు, అయినా నవ్వింది. నిలబడే కాగితం మీద రాసింది. ముప్ఫై. ఎర్రవి. మీ చేత్తో వేసిన రంగే, అని కింద గీత గీసి మరీ రాసింది. వెళ్తూ వెళ్తూ నా తల మీద చెయ్యి పెట్టింది. ఆమె దేవుడు వేరు, నా దేవుడు వేరు అని నాకు ఆ క్షణాన అనిపించలేదు, తర్వాతా అనిపించలేదు.

ఫోన్ నేనే చేశాను.

"గుంట పూడ్చకు" అన్నాను.

"ఎన్ని?" అన్నాడు.

"ముప్పయి."

"ఏ రంగు?"

"ఎరుపు."

"ఉన్న నూలు సాలదు" అన్నాడు. ఫోన్ పక్కకు పోయింది, దవాఖాన మంచం మీది నుంచి అత్తమ్మ గొంతు వినిపించింది.

"తడిది చూసిందా ఆమె? రంగు దిగిందా?"

"దిగలే అత్తమ్మా."

"ఎందుకు దిగుతది? ఏడుసార్లు గడిగినవ్ గద" అంది. అంతే. మా అత్తమ్మ నోట నేను విన్న పెద్ద పొగడ్త అది. ఆమె లేదు ఇప్పుడు. ఆ మాట ఉంది.

పుస్తకంలో ఆ రోజు రాసుకున్నది ఇంతే: "శుక్రవారం. తప్పు బస్సు. ముప్ఫై. చీరకు రంగు అంటలేదు. తిరుగు పడవ మునగలేదు."

ఆ ముప్ఫై తర్వాత అదే ఊరి నుంచి ఇంకో హాస్టల్ వాళ్లు రాశారు, తర్వాత ఇంకెవరో. భివండి మాట మా ఇంట్లో మళ్లీ రాలేదు. గర్వం మంచిది కాదనేవాడు బాపు. నిజమే. కానీ ఆ శుక్రవారం తలుచుకుంటే నా వీపు నిటారుగా అవుతుంది. దాన్ని నేను ఆపను. మా అత్తమ్మ కడుగు, మా బాపు గళ్లు, మా వదినె నోరు, పేరు తెలియని ఆ నర్సు చెయ్యి, ఇవన్నీ కలిస్తే గాని ఆ గుంట నిలబడలేదు. అందులో నా భుజం కూడా ఉంది. అది దాచుకుంటే ఇచ్చినవాడికి కృతజ్ఞత ఎలా అవుతుంది?

ఇదంతా చెబితే కోడలు ఫోన్ తీసింది. ఇప్పటి ఫోన్లు ఏ భాషనైనా చదువుతాయట. పుస్తకం మీద పెట్టింది, నేత మీద పెట్టింది. ఫోన్ తిరిగి తిరిగి ఏమీ చెప్పలేకపోయింది.

"సగం ఉంటే అదేం జేస్తది పాపం" అంది. ఫోన్ పక్కన పెట్టి, "అత్తమ్మా, ఇది నువ్వు ఎక్కాల్సిన బస్సు బోర్డా, తప్పెక్కిన బస్సు బోర్డా?"

"రెండిటిది" అన్నాను.

"గట్లయితే ఇప్పనే ఇప్ప" అని మళ్లీ గుంటలోకి కాళ్లు దించింది. పేకను కొట్టే ఇనుప దువ్వెన చప్పుడు మొదలైంది. మా ఆయన అవతలి గదిలో పడుగు సరిచేస్తూ ఒకసారి తొంగి చూసి వెళ్లిపోయాడు.

నిన్న ఆ జంపఖానా మగ్గం దిగింది. దేవుడి ముందు పరిచాం. మొదట ఎవరు కూర్చోవాలన్న ప్రశ్నే లేదు. వదినె ఉండేది వెనక వీధిలోనే. మోకాళ్లు పట్టేశాయి, చేతికర్ర వచ్చింది, నోరు మాత్రం అలాగే ఉంది. నేనే పోయి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. సంగతంతా విని, కర్ర పక్కన పెట్టి, ఆ నల్ల వంకల మీద మెల్లగా చతికిలబడింది. కాళ్లు చాపుకుంది, అప్పుడు పడవలో చాపుకున్నట్టే. పక్కన జాగా చూపించి నన్ను రమ్మంది.

"జరుగుతాన, నువ్వు గూడ ఎక్కు పిల్లా" అంది. "ఈసారన్న బోర్డు మొత్తం చూసినవా?"